బంగాళాదుంప చిప్స్: పోషకాలు, నష్టాలు, తరచుగా అడిగే ప్రశ్నలు

డైట్ గురించి ఎక్కడ మాట్లాడినా, అంతా అయిపోయి లేచే వేళకు ఎవరో ఒకరు మెల్లగా అడుగుతారు: "మరి చిప్స్ సంగతేంటి?" అడిగేవాళ్లు మారుతుంటారు, ప్రశ్నలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. దేని జవాబు దానికే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోట మొదలుపెట్టండి. ఒక మాట ముందే చెప్పేస్తాను: నేనూ చిప్స్ తింటాను.

## ప్యాకెట్‌లో అసలేముంది

చిప్స్‌లో పోషకాలు ఏమైనా ఉంటాయా, లేక అంతా చెత్తేనా?

ఉంటాయి. ఉప్పు మాత్రమే చల్లిన మామూలు చిప్స్ 100 గ్రాముల్లో సుమారు 530 నుంచి 550 కేలరీలు, 33–36 గ్రాముల కొవ్వు, 50 గ్రాములకు కాస్త అటూ ఇటూగా పిండిపదార్థం, 6–7 గ్రాముల ప్రోటీన్, 3–4 గ్రాముల పీచు దొరుకుతాయి. పొటాషియం 1,200 మిల్లీగ్రాములు దాటుతుంది. వేయించినా విటమిన్ సి పూర్తిగా పోదు, కొంత మిగులుతుంది. అయితే ఈ అంకెలన్నీ 100 గ్రాములకు. ఆ కాస్త పొటాషియం కోసం, పీచు కోసం 540 కేలరీలు, మూడో వంతు నూనె మింగాలి. పోషకాలు లేవనడం తప్పు. వాటికోసమే తింటున్నామనడం అంతకంటే పెద్ద తప్పు.

ఉడికించిన దుంప మంచిదే అంటారు. అదే దుంప చిప్స్ అయితే ఎందుకు చెడ్డది?

దుంపలోంచి నీళ్లు పోయి, ఆ చోట్లోకి నూనె వస్తుంది. జరిగేది అంతే. పచ్చి దుంపలో దాదాపు 79 శాతం నీళ్లే. 100 గ్రాములకు 77 కేలరీలు, కొవ్వు లేనట్టే లెక్క. చిప్స్‌లో నీళ్లు 2 శాతం దగ్గరికి పడిపోతాయి, నూనె 35 శాతం దాకా ఎక్కుతుంది.

ఒకరోజు పొయ్యి పక్కన కిచెన్ స్కేల్ పెట్టుకుని చూశాను. చెక్కు తీసి తరిగిన ముక్కలు సరిగ్గా 200 గ్రాములు. వేయించి, నూనె ఓడ్చి, చల్లారాక తూస్తే ముల్లు 60 దగ్గర ఆగింది. గిన్నె మాత్రం నిండుగా కనిపిస్తోంది! అదే 200 గ్రాములు ఉడకబెట్టి ఉంటే 160 కేలరీల లోపు, తినేసరికి పొట్ట నిండిపోయేది. ఈ 60 గ్రాముల్లో 320 కేలరీలున్నాయి. ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని నిలబడి తింటూనే సగం అవగొట్టాను.

పల్చటి ముక్క అంత నూనె ఎలా పీలుస్తుంది?

వేడి నూనెలో పడగానే ముక్కలోని నీరు ఆవిరై బుడగలుగా బయటికి తన్నుకొస్తుంది. ఆ బుడగలు వస్తున్నంతసేపూ నూనె లోపలికి పెద్దగా చొరబడలేదు. అసలు పని ముక్కను బయటికి తీశాక జరుగుతుంది. లోపలి ఆవిరి చల్లబడి నీరు కాగానే, ఖాళీ అయిన సన్నటి రంధ్రాలు పైన అంటుకున్న నూనెను లోపలికి లాక్కుంటాయి. అందుకే జల్లిగరిటెలోకి తీసిన వెంటనే, ఇంకా పొగలు కక్కుతుండగానే గట్టిగా విదిలించాలి. చల్లారాక కాగితం మీద అద్దితే పైపైన ఉన్నదే పోతుంది. చిప్స్ ముక్క మందం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే కాబట్టి బరువుతో పోలిస్తే పైభాగం చాలా ఎక్కువ. మందంగా కోసే ఫ్రెంచ్ ఫ్రైస్‌లో నూనె శాతం ఇందులో సగం కూడా ఉండకపోవడానికి కారణం ఇదే.

ప్యాకెట్‌లో సగం గాలే ఉంటోంది, ఇది మోసం కాదా?

అది మామూలు గాలి కాదు, నైట్రోజన్. ఆక్సిజన్ తగిలితే చిప్స్‌లోని నూనె కనరెక్కుతుంది, అందుకే దాన్ని తోసేసి నైట్రోజన్ నింపుతారు. దారిలో చిప్స్ నలిగిపోకుండా అదే మెత్తలా పనిచేస్తుంది. ప్యాకెట్ ఎంత ఉబ్బి ఉందో చూడకండి, బరువు ఎంత వేశారో చూడండి.

చిప్స్ అంటే ఉప్పు గని అంటారు, నిజమేనా?

మనం అనుకున్నంత కాదు. చిప్స్‌లో ఉప్పు పైపైనే ఉంటుంది, నాలుకకు నేరుగా తగులుతుంది, అందుకే ఉన్నదానికంటే ఎక్కువ అనిపిస్తుంది. మామూలు ఉప్పు చిప్స్ 30 గ్రాముల్లో సోడియం సుమారు 150–180 మిల్లీగ్రాములు. ఉప్పదనమే తెలియని రెండు బ్రెడ్ ముక్కల్లో చాలాసార్లు అంతకంటే ఎక్కువే ఉంటుంది. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు.

బీపీ ఉన్నవాళ్లు ఇది చదివి సంబరపడక్కర్లేదు. 150 గ్రాముల పెద్ద ప్యాకెట్ ఒక్కరే ఖాళీ చేస్తే ఆ లెక్క ఐదింతలవుతుంది. మసాలా, చీజ్ ఫ్లేవర్లలో సోడియం ఇంకా ఎక్కువ ఉండొచ్చు. లేబుల్ మీద సోడియం మాత్రమే రాసి ఉంటే దాన్ని రెండున్నరతో హెచ్చవేయండి, ఉప్పు ఎంతో తెలుస్తుంది.

## కొనేటప్పుడు

"కొలెస్ట్రాల్ లేదు" అని రాసిన చిప్స్ గుండెకు మంచివేనా?

ఆ మాట చూసి మోసపోకండి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. "ఈ నీళ్లలో ఎముకలు లేవు" అన్నట్టుంది ఆ ప్రకటన. మీరు చూడాల్సింది సంతృప్త కొవ్వు (లేబుల్ మీద శాచురేటెడ్ ఫ్యాట్). పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే, పొద్దుతిరుగుడు నూనెలో 10 శాతం చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి మొత్తం కొవ్వు ఒకేలా ఉన్నా, పామాయిల్‌లో వేయించిన చిప్స్ 100 గ్రాముల్లో సంతృప్త కొవ్వు 15 గ్రాముల దాకా వెళ్తుంది, పొద్దుతిరుగుడు నూనెవైతే 3–4 గ్రాములతో సరిపోతుంది. రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచేది ఈ సంతృప్త కొవ్వే. రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి ఆ ఒక్క గడి పోల్చి చూసినా చాలు.

"జీరో ట్రాన్స్ ఫ్యాట్" అని ఉంటే నమ్మొచ్చా?

చాలావరకు నమ్మొచ్చు. ట్రాన్స్ ఫ్యాట్ అంటే గుండెకు బాగా చేటు చేసే కొవ్వు. పాత రోజుల్లో భయమంతా అది ఎక్కువగా ఉండే, పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన (అంటే హైడ్రోజన్ కలిపి గట్టిపరిచిన) నూనెలతో. అమెరికా ఆహార, ఔషధ సంస్థ వాటిని ఇకపై సురక్షితంగా పరిగణించబోమని 2015లో తేల్చింది. చాలా దేశాలు వాటికి కళ్లెం వేశాయి. ఒక చిన్న మెలిక మాత్రం ఉంది: అమెరికా లేబుళ్లలో ఒక్క సర్వింగ్‌కు అర గ్రాము లోపు ఉంటే సున్నా అని రాసుకోవచ్చు. పదార్థాల జాబితాలో "పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన" అన్న మాట కనిపిస్తే ప్యాకెట్ పక్కన పెట్టేయండి.

బేక్డ్, కెటిల్, కూరగాయల చిప్స్‌లో ఏది మేలు?

బేక్డ్ చిప్స్‌లో కొవ్వు సగానికి సగం తగ్గుతుంది, ఇది నిజమైన లాభమే. కానీ కేలరీలు సగం కావు. కొవ్వు తగ్గిన చోట పిండిపదార్థం పెరుగుతుంది కాబట్టి 100 గ్రాములకు ఇంకా 400 పైనే ఉంటాయి. పైగా చాలా బేక్డ్ రకాలు దుంప ముక్కలు కావు, ఎండబెట్టిన దుంప పొడిని ముద్దచేసి ఒత్తినవి. కెటిల్ చిప్స్ అంటే కాస్త మందంగా కోసి విడతలవారీగా వేయించినవి. కరకర ఎక్కువ, పోషకాల్లో పెద్ద తేడా లేదు. బీట్‌రూట్, క్యారెట్, చిలగడదుంప చిప్స్ రంగు చూసి ఆరోగ్యం అనుకుంటాం గానీ, వాటిలోనూ నూనె మూడో వంతు దాకా ఉంటుంది. క్యారెట్ తినాలనుంటే క్యారెట్టే తినడం నయం.

గొట్టంలో ఒకే సైజులో పేర్చి వచ్చేవి కూడా దుంప చిప్సేనా?

ఈ ప్రశ్న బ్రిటన్‌లో కోర్టు దాకా వెళ్లింది, పన్ను కోసం. గొట్టంలో వచ్చే ప్రింగిల్స్ బంగాళాదుంప క్రిస్ప్ (చిప్స్‌ను అక్కడ ఇలాగే అంటారు) కాదని 2008లో హైకోర్టు అంది, ఔనని 2009లో అప్పీల్ కోర్టు తేల్చింది. అందులో దుంప వాటా 40 శాతం చిల్లర. మిగతాది నూనె, ఇతర పిండ్లు. గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రోటీన్) పడనివాళ్లకు ఇది ముఖ్యమైన విషయం, ఎందుకంటే ఇలా ముద్దతో చేసినవాటిలో గోధుమ పిండి కలిసే అవకాశం ఉంది. మామూలు చిప్స్‌లోనైనా ఫ్లేవర్ పొడిలో గోధుమ, పాలపొడి ఉండొచ్చు కాబట్టి జాబితా చదవాల్సిందే.

లేబుల్ మీద 621, 627, 631 అని ఉంటాయి, అవి విషమా?

కాదు. 621 అంటే మోనోసోడియం గ్లుటమేట్, నోరూరించే రుచినిచ్చేది. టమాటా, పాతబడిన చీజ్‌లో సహజంగా ఉండే గ్లుటమేట్ కూడా ఇదే. బరువుకు బరువు తీసుకుంటే ఇందులో సోడియం ఉప్పులో ఉండేదానిలో మూడో వంతే. 627, 631 ఆ రుచిని ఇంకా పెంచుతాయి. శాకాహారులు 631 దగ్గర ఆగి చూసుకోవాలి, అది మాంసం నుంచో చేపల నుంచో తయారై ఉండొచ్చు. వీటితో అసలు ఇబ్బంది మరోటి: చెయ్యి ప్యాకెట్‌లోంచి బయటికి రానివ్వవు.

## తినేటప్పుడు

ఒక్కటి తిని ఆపలేకపోతున్నాను. నాకు కంట్రోల్ లేదా?

మీ తప్పు తక్కువే. చిప్స్ తయారైన తీరే అలాంటిది. కొవ్వు, పిండిపదార్థం రెండూ దండిగా కలిసి దొరికే ఆహారం ప్రకృతిలో అరుదు. గింజల్లో కొవ్వు ఉంటే, ధాన్యాల్లో, దుంపల్లో పిండి ఉంటుంది. చిప్స్‌లో రెండూ ఉన్నాయి, మీద ఉప్పు. జర్మనీలో ఎర్లాంగెన్-న్యూరెంబర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు కడుపు నిండిన ఎలుకల ముందు చిప్స్ పెట్టి చూశారు. అవి మళ్లీ తిన్నాయి. వాటిని లాగింది ప్రధానంగా కొవ్వు, పిండి కలిసిన ఆ నిష్పత్తేనని తేలింది.

ఇక చప్పుడు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో పరిశోధకుడు చార్లెస్ స్పెన్స్, ఆయన సహచరుడు జాంపిని 2004లో ఒక సరదా ప్రయోగం చేశారు. చిప్స్ కొరికిన చప్పుడును హెడ్‌ఫోన్లలో పెంచి వినిపిస్తే, అవే చిప్స్ మరింత తాజాగా, కరకరలాడుతున్నట్టు జనం చెప్పారు. 2008లో దానికి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి) కూడా వచ్చింది. చెవి కూడా తింటుందన్నమాట.

పైగా చిప్స్‌ను నమిలే పని తక్కువ. రెండు కొరుకుల్లో కరిగిపోతుంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి కొంత టైం పడుతుంది, ఈలోగా ప్యాకెట్ అడుగు కనిపిస్తుంది. కాబట్టి సంకల్పబలాన్ని నమ్ముకోకండి. తినాలనుకున్నన్ని గిన్నెలో పోసుకుని, ప్యాకెట్ మడిచి లోపల పెట్టి, అప్పుడు కూర్చోండి. టీవీ ముందు ప్యాకెట్‌తో కూర్చుంటే నేనూ ఓడిపోతాను.

ఒక సర్వింగ్ అంటే ఎన్ని?

సాధారణంగా 28–30 గ్రాములు, అంటే సుమారు 15 చిప్స్, 160 కేలరీలు. లేబుల్‌లో ముందు కనిపించే అంకెలు చాలాసార్లు ఈ సర్వింగ్‌వే. ప్యాకెట్‌లో అలాంటివి ఐదు ఉన్నాయన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రోజూ ఒక చిన్న ప్యాకెట్ తింటే ఏమవుతుంది?

ఒక్కరోజు తేడా తెలియదు, ఏళ్ల మీద తెలుస్తుంది. అమెరికాలో 1,20,877 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2011లో వచ్చింది. నాలుగేళ్ల వ్యవధిలో బరువు పెరగడంతో ఎక్కువ ముడిపడిన ఆహారాల్లో చిప్స్ అన్నిటికంటే పైన నిలిచాయి: రోజుకు ఒక సర్వింగ్ పెరిగితే నాలుగేళ్లకు సుమారు 0.77 కిలోలు. ఇది గమనించి చెప్పిన సంబంధమే గానీ, చిప్సే కారణమని కత్తిలా తెంచి చెప్పినది కాదు. చిప్స్ ఎక్కువ తినేవాళ్ల మిగతా అలవాట్లూ వేరుగా ఉండొచ్చు. అయినా 160 కేలరీలు రోజూ అదనంగా చేరితే ఎక్కడికి పోతాయో మనకు తెలియనిది కాదు.

రాత్రిపూట తింటేనే లావవుతామా?

గడియారం కంటే గిన్నె సైజు ముఖ్యం. రాత్రి ఇబ్బంది ఎక్కడంటే, భోజనం అయ్యాక తినే చిప్స్ ఆకలికి కాదు, ఊసుపోక. కొవ్వు ఎక్కువ కాబట్టి పడుకునే ముందు తింటే కొందరికి గుండెల్లో మంట కూడా వస్తుంది.

## ఎవరు జాగ్రత్తగా ఉండాలి

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా? గ్లైసెమిక్ ఇండెక్స్ తక్కువే కదా!

ఈ వాదన నాకు తరచూ వినిపిస్తుంది. గ్లైసెమిక్ ఇండెక్స్ అంటే ఒక ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె. చిప్స్ గ్లైసెమిక్ ఇండెక్స్ సుమారు 56, ఉడికించిన దుంపది 78 చుట్టూ. అంకెలు చూస్తే చిప్సే మేలనిపిస్తుంది. కానీ అది నూనె చేసిన గారడీ. కొవ్వు వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, చక్కెర మెల్లగా ఎక్కుతుంది, అంతే తప్ప పిండిపదార్థం ఎక్కడికీ పోలేదు. 30 గ్రాముల చిప్స్‌లో 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఎప్పుడైనా తింటే దాన్ని ఆ పూట లెక్కలో కలుపుకోవాలి. బరువు పెరిగితే ఇన్సులిన్ పనితీరు దెబ్బతింటుంది కాబట్టి, అసలు నష్టం ఆ దారిలో వస్తుంది.

కిడ్నీ సమస్య ఉంటే?

ఉప్పు గురించి అందరూ హెచ్చరిస్తారు, పొటాషియం సంగతి మర్చిపోతారు. నీళ్లు పోయాక దుంపలోని పొటాషియం చిప్స్‌లో చిక్కబడుతుంది: 30 గ్రాముల్లో 350 మిల్లీగ్రాములకు పైనే. పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పి ఉంటే, "తక్కువ ఉప్పు" రకం కూడా అడగకుండా తినొద్దు. కొన్నిటిలో ఉప్పుకు బదులు పొటాషియం క్లోరైడ్ వేస్తారు.

పిల్లలకు ఎప్పటి నుంచి ఇవ్వొచ్చు?

నాలుగేళ్ల లోపు పిల్లలకు పోషకాల కంటే ముందు ఆలోచించాల్సింది గొంతులో అడ్డం పడే ప్రమాదం. గట్టి, పదునైన ముక్కలు వాళ్లు సరిగ్గా నమలలేరు. తర్వాత పళ్లు. చిప్స్‌లో చక్కెర లేదు కదా అనుకుంటాం, కానీ నమిలిన ముద్ద దవడ పళ్ల గుంతల్లో అతుక్కుని అక్కడే కూర్చుంటుంది. లాలాజలం ఆ పిండిని చక్కెరగా విడగొడుతుంది, క్రిములకు అదే విందు. తిన్నాక నీళ్లు పుక్కిలించడం అలవాటు చేయండి. ఏడుపు ఆపడానికి లంచంగా మాత్రం ఇవ్వకండి, ఆ బేరం రోజూ నడుస్తుంది.

గర్భంతో ఉన్నప్పుడు చిప్స్ తినాలనిపిస్తోంది, పరవాలేదా?

ఎప్పుడో గుప్పెడు తింటే టెన్షన్ పడక్కర్లేదు. రోజూ అయితే తగ్గించడం మంచిది. బాగా వేయించినప్పుడు పుట్టే అక్రిలమైడ్ అనే రసాయనం మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డకు చేరుతుంది. ఐరోపాలో తల్లులు, శిశువుల మీద చేసిన అధ్యయనం 2012లో దీన్ని కాస్త తక్కువ జనన బరువుతో, చిన్న తల చుట్టుకొలతతో ముడిపెట్టింది. బీపీ పెరుగుతోందని చెప్పి ఉంటే ఉప్పు కూడా లెక్కలోకి వస్తుంది.

## క్యాన్సర్ భయం, రంగు అనుమానాలు

చిప్స్ తింటే క్యాన్సర్ వస్తుందా?

ఈ భయానికి పుట్టిన తేదీ ఉంది. 2002 ఏప్రిల్‌లో స్వీడన్ ఆహార సంస్థ, స్టాక్‌హోమ్ యూనివర్సిటీ కలిసి చిప్స్, ఫ్రైస్ లాంటి వాటిలో అక్రిలమైడ్ ఉందని ప్రకటించాయి. దుంపలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సహజంగానే ఉంటాయి. 120 డిగ్రీలు దాటిన వేడిలో అవి కలిసి ఇది పుడుతుంది. బయటి నుంచి ఎవరూ కలపరు. అంటే ఇంట్లో వేయించినా పుడుతుంది. ఉడికిస్తే పుట్టదు, ఎందుకంటే నీళ్లు 100 డిగ్రీలు దాటవు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని "మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకం" అన్న వర్గంలో పెట్టింది. అందుకు ఆధారం ప్రధానంగా జంతువుల మీద చేసిన ప్రయోగాలు. మనుషుల మీద జరిగిన అధ్యయనాలు ఒకదానికొకటి పొసగడం లేదు. అయినా సాధ్యమైనంత తగ్గించాలన్నది ఆహార సంస్థల మాట. ఐరోపా యూనియన్ 2017లో తెచ్చిన నిబంధన దుంప చిప్స్‌కు కిలోకు 750 మైక్రోగ్రాముల ప్రమాణం పెట్టింది. వారానికోసారి చిప్స్ తిని రాత్రంతా దీని గురించే నిద్ర చెడగొట్టుకునేవాళ్లకు నేను చెప్పేది: ఆ ప్యాకెట్‌లో మీకు కచ్చితంగా తగిలేవి కేలరీలు, కొవ్వు. ముందు వాటి సంగతి చూడండి.

ప్యాకెట్‌లో ముదురు గోధుమ రంగు చిప్స్, పచ్చ అంచు ఉన్నవి వస్తాయి. తినొచ్చా?

ముదురు రంగువి ఏరి పారేయండి. రంగు ముదిరేకొద్దీ అక్రిలమైడ్ ఎక్కువ. పచ్చ అంచు వేరే కథ. వెలుతురు తగిలిన దుంప పచ్చబడుతుంది. ఆ పచ్చదనం వరకు హానిలేని పత్రహరితమే, కానీ సొలనిన్ అనే చేదు విషం కూడా అక్కడ పెరిగి ఉండొచ్చని అది గుర్తు. వేయించినా సొలనిన్ పెద్దగా నశించదు. ఒకటి అరా పొరపాటున తింటే ఏమీ కాదు. చేదుగా తగిలితే ఉమ్మేయండి.

## ఇంట్లో చేసుకునేటప్పుడు

ఇంట్లో చేసినవైతే ఎన్నైనా తినొచ్చా?

తినకూడదు. నూనె మీ ఇష్టం, ఉప్పు మీ చేతిలో ఉంటుంది, ఫ్లేవర్ పొడులు ఉండవు. లాభాలు ఇవే. పీల్చుకునే నూనె శాతం మాత్రం ఫ్యాక్టరీ చిప్స్‌కు తీసిపోదు. నూనె సరిగ్గా కాగకుండా వేస్తే ఇంకా ఎక్కువే.

ముక్కలను నీళ్లలో ఎందుకు నానబెట్టాలి?

పైనున్న చక్కెరలు, పిండి కొంత కడిగేసుకుపోతాయి. దాంతో రంగు త్వరగా ముదరదు, అక్రిలమైడ్ తగ్గుతుంది. 15 నుంచి 30 నిమిషాలు చాలు. తర్వాత గుడ్డ మీద ఆరబెట్టి, తడి లేకుండా 170 డిగ్రీల చుట్టూ వేయించి, లేత పసుపులో ఉండగానే తీసేయండి. ఇంకో చిట్కా: చిప్స్ కోసం అనుకున్న దుంపలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చలికి దుంపలోని పిండి చక్కెరగా మారుతుంది, వేయించగానే ఎర్రబడిపోతాయి. చిప్స్ ఫ్యాక్టరీలు కూడా దుంపలను అంత చలిలో నిల్వ చేయవు.

వాడిన నూనె మళ్లీ వాడొచ్చా?

వడకట్టి ఒకటి రెండుసార్లు, అదీ రంగు, వాసన బాగుంటేనే. నురగ కడుతున్నా, జిగటగా మారినా, త్వరగా పొగ వస్తున్నా పారేయండి.

ఎయిర్ ఫ్రయర్ కొంటే సమస్య తీరుతుందా?

నూనె సమస్య చాలావరకు తీరుతుంది, ఒకటి రెండు చెంచాలతో పని అయిపోతుంది. అక్రిలమైడ్ మాత్రం వేడికి, రంగుకు సంబంధించినది. అందులో మాడిస్తే అందులోనూ వస్తుంది. రుచి అదే ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

## తగ్గించాలనుకుంటే

పూర్తిగా మానేయాలా?

డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప అక్కర్లేదు. వారానికి ఒకటి రెండుసార్లు, 30 గ్రాముల చిన్న ప్యాకెట్ అయితే మిగతా తిండి సరిగ్గా ఉన్నవాళ్లకు పెద్ద నష్టమేమీ కనిపించదు. పెద్ద ప్యాకెట్ చౌక అనిపిస్తుంది గానీ, ఇంట్లో ఉన్నది అయిపోయేదాకా నిద్రపోనివ్వదు.

చిప్స్ బదులు ఏం తినాలి?

మీకు కావలసింది ఏమిటో ముందు కనిపెట్టండి. కరకర కావాలంటే నూనె లేకుండా పేల్చిన పాప్‌కార్న్, వేయించిన శనగలు, కీర ముక్కలు. ఉప్పగా కావాలంటే గుప్పెడు పల్లీలు: కేలరీలు తక్కువేమీ కావు, కానీ ప్రోటీన్, పీచు ఉంటాయి, నమలక తప్పదు కాబట్టి త్వరగా ఆగుతారు. నిజంగా ఆకలేస్తుంటే ఉడికించిన దుంప మీద ఉప్పు, మిరియాల పొడి చల్లుకుని తినండి. ఇవేవీ కాదు, చిప్సే కావాలనిపిస్తే చిప్సే తినండి, గిన్నెలో పోసుకుని.